అట్ట గొట్టంలో చంద్రుడు

నిదానం అన్నయ్య ఆ సాయంత్రం ఆఖరి స్టాపులో బస్సు ఆపి, దిగే ఓపిక లేక స్టీరింగ్ మీదే వాలిపోయాడు. రోడ్డెంత ఖాళీగా ఉన్నా తొందరపడడని డిపోలో పెట్టిన పేరది. తిట్టో పొగడ్తో ఆయన ఎన్నడూ ఆరా తీయలేదు. ఎదురుగా ఇళ్ళ కప్పుల మీద చంద్రుడు లేచాడు, బస్సు చక్రమంత. ఆయన గుండెల్లో రాయి పడింది.

ఈ వారమే కళ్ళ పరీక్ష. తప్పితే బస్సు ఇవ్వరు. తోలడం తప్ప మరో విద్య రాదు, ఈ వయసులో నేర్పేవాడూ లేడు.

"చెల్లెమ్మా, చంద్రుడు నీకెలా ఉన్నాడు?" అని కండక్టరును మాటవరసకన్నట్టు అడిగాడు.

టికెట్ మిషన్లో కొత్త కాగితం చుట్ట వేస్తున్న ఆమె తలెత్తింది. "ఇంత లావున్నాడు. ఏం?"

"నీక్కూడానా? నా కళ్ళే పోయాయనుకున్నానమ్మా."

"భలేవాడివన్నయ్యా! చంద్రుడు కిందుంటే అందరికీ అంతే. మా అమ్మాయి పాఠంలో ఉంది. ఇళ్ళ వెనకాల చాలా దూరంలో ఉన్నాడని మనసు లెక్కేస్తుందట. అంత దూరాన కూడా ఇంత కనిపిస్తే ఎంతటివాడో అని పెంచేస్తుందట. నమ్మవా?" పాత చుట్ట అట్ట గొట్టం చేతికిచ్చింది. "ఇందులోంచి చూడు. ఇళ్ళు కనపడవు."

ఒక కన్ను మూసి చూశాడు. చంద్రుడు ఇట్టే చొక్కా బొత్తామంత అయిపోయాడు.

"చూశావా? నీ కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి."

ఆయన గొట్టం దించి, రెండు కళ్ళతో చూశాడు. మళ్ళీ గొట్టం పెట్టాడు. మళ్ళీ దించాడు.

"ఇందులో ఒక్కడే ఉన్నాడు," అన్నాడు.

"మరి ఎంతమందుంటారు?" అని నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

పెద్దగా కనిపించడమే జబ్బని హడలిపోయాడు. పక్కన నక్కిన రెండో చంద్రుణ్ణి మాత్రం అలసట కింద తోసేశాడు. ఇన్నాళ్ళూ ఎదురొచ్చే బళ్ళు రెండేసిగా వస్తుంటే నిద్ర చాల్లేదని సర్దిచెప్పుకున్నాడు.

తిరుగు ప్రయాణానికి వెనక సీట్లు నిండాయి. "బస్సు కదిలేదుందా, లేదా?" అని ఎవరో కేకేశారు.

ఆయన తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "డిపోకి ఫోన్ చెయ్యి. ఇంకో డ్రైవర్ని పంపమను."

"అన్నయ్యా, మరి నీ ఉద్యోగం..."

"చెయ్యమ్మా."

లేచి, ప్రయాణికుల సీట్లో కిటికీ పక్కన కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. అయినా నడుం వాల్చగానే ప్రాణం లేచొచ్చినట్టయింది, అందుకే మరీ సిగ్గేసింది.