నీటి కాకులకు కట్టిన సీడీలు

వెంకటకృష్ణారావు ఊపిరితిత్తిలో శనగబద్దంత మచ్చ కనపడింది. అది పాతదో కొత్తదో తేలాలి. డాక్టర్ సబీహా నీళ్ళు నమిలే మనిషి కాదు.

“పాతదైతే వదిలేస్తామండీ. కొత్తదైతే సూది గుచ్చి, ముక్క తీసి, పరీక్షకు పంపాలి. ఇదివరకెప్పుడైనా ఛాతీ స్కాన్ తీయించారా?”

తీయించాడు. ఆరేళ్ళ కిందట చేపలు లోడు చేస్తూ లారీ మీంచి పడితే, పక్కటెముకలు విరిగాయేమోనని బెజవాడలోనే సీటీ తీశారు. అప్పటి రిపోర్టు సంచిలో ఉంది. ఎముకలు విరగలేదని రాసి ఉంది. అంతే. ఎముకల కోసం వెతికినవాడు ఎముకలే చూశాడు.

“కాగితం చాలదండీ, బొమ్మలు కావాలి. సీడీ ఇచ్చుంటారే?”

“ఇచ్చారు.”

“అది తీసుకురండి. సోమవారం దాకా ఆగుతాను. దొరక్కపోతే ఆ రోజే అడ్మిట్ అవ్వండి.”

ఆ సీడీ ఎక్కడుందో కృష్ణారావుకి తెలుసు. డాక్టరుకి చెప్పడానికి నోరు రాలేదు.

మండవల్లి దగ్గర ఆయనకి రెండు చేపల చెరువులున్నాయి. మూడేళ్ళ కిందట భార్య శివపార్వతి పోయిన నెలలోనే, బీరువాలో ఉన్న డిస్కులన్నీ బయటికి లాగి, ఏది ఏమిటో చూడకుండా నైలాను తాడుకి గుచ్చి, పెద్ద చెరువు మీద అడ్డంగా కట్టించాడు. ఎండకి తళుక్కుమంటుంటే నీటి కాకులు దిగవని అటువైపు చాలామంది చేసే పనే. కాకపోతే వాళ్ళు పాత సినిమా డిస్కులు కట్టారు. ఈయన గృహప్రవేశం కట్టాడు, మామగారి షష్టిపూర్తి కట్టాడు, కూతురి ఓణీల ఫంక్షన్ కట్టాడు. అవన్నీ బావమరిది కిరీటి చేసిచ్చిన డిస్కులు. అందుకే కట్టాడు.

ఆ సాయంత్రం కూతురు సింధూరి బెజవాడ నుంచి వెంట వచ్చింది. ఇద్దరూ గట్టు మీద నిలబడి తాడు లాగారు. వెతగ్గా వెతగ్గా స్కానింగ్ సెంటర్ పేరున్న డిస్కు దొరికింది. పేరు సగమే ఉంది. వెండి పూత పొరలు పొరలుగా లేచిపోయి, మిగిలింది ఉత్త ప్లాస్టిక్కు. సింధూరి దాన్ని కళ్ళకెదురుగా పట్టుకుంటే అవతలి గట్టు కనిపించింది.

“ఎండా వానా తినేశాయి నాన్నా. ఇందులో ఇంకేం లేదు.”

“కాకులు మాత్రం చేపలు తినడం మానలేదు.”

“స్కానింగ్ వాళ్ళని అడిగితే?”

“పొద్దున వచ్చేటప్పుడు చూశా. అక్కడిప్పుడు చీరల కొట్టు.”

సింధూరి తాడు వదిలేసి చేతులు తుడుచుకుంది. “మావయ్య దగ్గర ఉంటుంది. మన డిస్కులన్నీ అమ్మ అతనిచేత కాపీ తీయించేదిగా.”

“ఏ మావయ్య?”

“నాకున్నది ఒక్కడేగా. హనుమాన్ జంక్షన్‌లో స్టూడియో. నీకు బావమరిది. గుర్తొచ్చాడా?”

గుర్తురాకేం. శివపార్వతి ఆఖరి మూడు రోజులూ ఆస్పత్రి మంచం మీద తమ్ముడేడీ అని అడుగుతూనే ఉంది. కిరీటి నూజివీడులో ఎవరిదో పెళ్ళి వీడియో తీస్తున్నాడు. రేపొస్తానన్నాడు. వచ్చేసరికి ముఖం మీద గుడ్డ కప్పేశారు. పెద్దకర్మ నాడు అతను వచ్చి పక్కన కూర్చుంటే కృష్ణారావు విస్తరి ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మాటల్లేవు.

“వాడి గడప తొక్కను.”

“సరే. సోమవారం ఆస్పత్రి గడప తొక్కుదువుగాని. అమ్మకీ సూదితోనే మొదలుపెట్టారు.”

సూది గుచ్చిన రోజునుంచి ఎనిమిది నెలలు బతికింది శివపార్వతి. ఆ రాత్రి కృష్ణారావుకి అన్నం సహించలేదు. శుక్రవారం పొద్దున్నే గుడివాడ మీదుగా బస్సులో జంక్షన్‌కి బయల్దేరాడు.

కిరీటి ఆయన్ని చూడగానే కుర్చీలోంచి లేచాడు. జుట్టు నెరిసింది. వెనక గోడంతా అరలు, అరల నిండా డిస్కులు, ఒక్కోదాని మీద ఇంటిపేరు.

“రండి బావా. కూర్చోండి.”

“నిలబడే ఉంటా. సింధూరి చెప్పిందా?”

“చెప్పింది. అక్కయ్యవన్నీ దీన్లోనే ఉన్నాయి.” ఒక డిస్కు తీసి చూపించాడు. “మొదట నలభై మూడు సీడీలు బావా. ఒక్కోటీ ఏడొందల ఎంబీ. బీరువాలో చోటు లేదంటే ఏడు డీవీడీల్లోకి దించాను. తర్వాత ఫోన్లో ఫొటోలు మొదలయ్యాయి. అవీ ఇవీ కలిపి పాతిక జీబీ బ్లూరేలు రెండు. అవీ నిండాయి. ఇది వంద జీబీ.”

“చేసే పని లేక.”

“లేకేం. చోటు పెరిగినకొద్దీ జనం తీసేదీ పెరుగుతోంది. మీ పెళ్ళికి అరవై ఫొటోలు. మొన్నొక బారసాలకి నాలుగు వేలు తీయించుకున్నారు.”

“నాలుగు వేలల్లోనూ పిల్లాడు నిద్దరపోతూనే ఉంటాడు.”

కిరీటి నవ్వబోయి ఆపుకున్నాడు.

“ఇదెప్పుడు చేశావు?”

“కిందటేడు.”

అప్పటికి శివపార్వతి పోయి రెండేళ్ళు. “ఎవరడిగారు నిన్ను?”

“ఎవరూ అడగలేదు. మనుషులున్నా పోయినా డిస్కు పాతబడుతుంది బావా. అది పాడవకముందే కొత్తదాన్లోకి ఎక్కించాలి.”

“స్కాన్ ఉందా లేదా, అది చెప్పు.”

“ఉండాలి. ఓణీల ఫంక్షన్ వీడియో పట్టకపోతే, స్కాన్ తీసేయనా అని అప్పట్లో అక్కయ్యని అడిగాను. వీడియోలో నాలుగు పాటలు తగ్గించు, మీ బావ ఎముకలు మాత్రం ఉంచు అంది.”

కృష్ణారావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

కిరీటి డిస్కు పెట్టాడు. పెట్టె గుర్రుమంది, ఆగింది, మళ్ళీ గుర్రుమంది. తెర మీద ఏమీ రాలేదు. డిస్కు బయటికి తీసి, మెత్తటి గుడ్డతో మధ్యనుంచి అంచుకి తుడిచి మళ్ళీ పెట్టాడు. ఈసారి వరసగా పేర్లు వచ్చాయి. ఒకచోట పేరు లేదు, అన్నీ అంకెలే. అది తెరిస్తే బూడిద రంగు బొమ్మ, అడ్డంగా కోసినట్టు ఒక మనిషి ఛాతీ. మూలన వెంకటకృష్ణారావు అని పేరు, వయసు యాభై ఆరు.

“ఇవి ఆరొందల ఇరవై బొమ్మలు బావా. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్నా.”

నాలుగొందల దగ్గర ఆగిపోయింది. ఇద్దరూ తెరనే చూస్తూ కూర్చున్నారు. రోడ్డు మీద లారీ ఏదో హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది. నాలుగొందల ఒకటి. ఆ తర్వాత ఆగలేదు. కిరీటి ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించాడు. రెండూ ఆయన చేతిలో పెట్టాడు.

“అక్కయ్య వీడియోలు కూడా వెయ్యనా?”

“వద్దు.”

“బావా, ఆ రోజు నూజివీడులో...”

“అది ఎత్తకు.”

కిరీటి ఎత్తలేదు. బస్సు దాకా వెంట వచ్చాడు. కృష్ణారావు కిటికీలోంచి అతనివైపు చూడలేదు.

సోమవారం పదింటికి డాక్టర్ సబీహా పాత బొమ్మనీ కొత్త బొమ్మనీ పక్కపక్కన పెట్టింది. ఒక గీత గీసి కొలిచింది. రెండోదాని మీదా గీసి కొలిచింది. కృష్ణారావు ఆవిడ ముఖం చూడలేక గోడ మీది క్యాలెండరు చూశాడు.

“అప్పుడు ఏడు మిల్లీమీటర్లు. ఇప్పుడూ ఏడే.”

“అంటే?”

“ఆరేళ్ళుగా కదలకుండా అక్కడే కూర్చుందండీ. ఎప్పటిదో మానిపోయిన మచ్చ. ఇక ఇంటికెళ్ళండి.”

“సూది?”

“ఎందుకండీ సూది?”

ఆయన వరండాలోకి వచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. నాలుగు రోజుల్నించీ బిగబట్టుకున్న ఊపిరి ఒక్కసారిగా వదిలితే, పక్కన కూర్చున్న ముసలావిడ తిరిగి చూసింది. సింధూరి ఆయన సంచి అందుకుంది. ఏడుస్తోంది, అయినా నవ్వుతూనే ఉంది.

“ఆకలేస్తోందే,” అన్నాడు ఆయన.

బెంజ్ సర్కిల్ దగ్గర భోజన హోటల్లో కూర్చున్నారు. పప్పన్నం అయ్యాక సింధూరి ఫోన్ కలిపి ఆయన చెవికి ఆనించింది. వద్దనేలోపే అవతల కిరీటి ఎత్తాడు.

“బావా?”

“అప్పుడూ ఏడే. ఇప్పుడూ ఏడే.”

అవతలినుంచి ముక్కు చీదిన చప్పుడు.

“భోంచేశారా బావా?”

“చేస్తున్నా.”

“ఆ కొత్త స్కాన్ కూడా పంపించండి. డిస్కులో ఇంకా చాలా చోటుంది.”

“సింధూరి పంపుతుంది. నిన్ను క్షమించాననుకోకు.”

“అనుకోను బావా.”

ఫోన్ కూతురి చేతికిచ్చేశాడు. సింధూరి ఏదో అనబోయింది. ఆయన వినిపించుకోలేదు. వడ్డించే మనిషిని కేకేసి, ఇంకో రెండు గరిటెల అన్నం, దాని మీదకి పెరుగు వేయించుకుని, తలవంచుకుని తినడం మొదలుపెట్టాడు.