చెక్క మీద తపాల్కే దారి

ఎవరిస్తో లేమోస్ అనే అతను పనిచేసే ఇనప సామాన్ల కొట్టు మధ్యాహ్నం పన్నెండున్నరకి మూసి మళ్ళీ నాలుగింటికి తెరుస్తారు. ఆ వేళకి అసూల్ ఊరంతా తిని పడుకుంటుంది. ఎవరిస్తో మాత్రం ఎండలో ఇంటికి నడిచొచ్చి, భార్య నీల్దా పెట్టింది తిని, గ్యారేజీలో దూరేవాడు. అందులో బండి లేదు. పదకొండేళ్ళుగా లేదు. రెండు బల్లల మీద పరిచిన పెద్ద చెక్క పలక ఉంది. దాని మీద బొమ్మ కార్ల పందేనికి దారి కడుతున్నాడు.

పని తీరుబడిగా సాగేది. చెక్కలో సన్నటి గాడి కోయాలి, గాడికి అటూ ఇటూ రాగి పట్టీ అతికించాలి, పట్టీలకి కరెంటు ఇవ్వాలి. కారు అడుగున ఉన్న చిన్న నాలుక గాడిలోకి దిగుతుంది. చేతిలో మీట నొక్కితే పరుగు, వదిలితే ఆగడం. మొదట మామూలుగా కోడిగుడ్డు ఆకారంలో కడదామనే అనుకున్నాడు. పెన్సిలు పట్టుకున్నాక చెయ్యి దాని ఇష్టానికి అది పోయింది. పిండిమర, వాగు మీద వంతెన, యూకలిప్టస్ చెట్ల వరస. చూస్తే అది అసూల్ నుంచి పక్కనున్న తపాల్కే ఊరికి వెళ్ళే దారి.

ఒక్క మలుపు దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయేది. సోమవారం కుడికి గీసేవాడు. మంగళవారం చెరిపి ఎడమకి గీసేవాడు. అక్కడ పాత ప్లాస్టిక్ దారి ముక్క ఒకటి తాత్కాలికంగా పెట్టి, మిగతా దారి సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి కారుని తిప్పేవాడు.

తిరిగొచ్చిన కారు చక్రాలకి ఎర్రటి దుమ్ము ఉండేది. ఒకరోజు ముందు అద్దం మీద మంచు. ఇంకోరోజు ముళ్ళచెట్టు దూది.

"తుడిచి లోపలికి తీసుకురా, ఇప్పుడే గచ్చు కడిగాను," అనేది నీల్దా.

పక్కింటి సులేమా గోడ మీంచి తల పెట్టి అడిగేది. "ఎవరిస్తో, ఆ కారుని ఒక చుట్టు పంపు. దుప్పట్లు ఆరెయ్యాలి."

కారు వెళ్ళొచ్చింది. చక్రాలు తడిసి ఉన్నాయి.

"తపాల్కే వైపు వాన పడుతోంది అక్కా."

"అయితే రేపు ఆరేస్తాలే," అని ఆవిడ బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ దారిలోనే పదకొండేళ్ళ కిందట ఎవరిస్తో తన వ్యాను పోగొట్టుకున్నాడు. తపాల్కే బడిలో సంగీతం టీచరుగా చేరడానికి మరదలు డెల్ఫీనాని తీసుకెళ్తున్నాడు. మలుపులో వ్యాను కాలవలోకి దూకింది. డెల్ఫీనా తుంటి విరిగింది. ఆమె మంచం దిగేసరికి ఆ ఉద్యోగంలో ఇంకొకరు చేరారు. పోలీసులు అడిగితే "బావ నిద్రపోయాడు" అని చెప్పింది. ఎవరిస్తోకి ఏమీ గుర్తులేదు. నోట్లో మాతే ఆకు టీ చేదు గుర్తుంది, ఆ తర్వాత ఆసుపత్రి పైకప్పు గుర్తుంది. నిద్రపోయి ఉంటానులే అని ఒప్పుకున్నాడు. అప్పుడప్పుడు మాత్రం ఆ రోజు బండికి ఎదురుగా ఏదో నిలబడినట్టు అనిపించేది. ఏమిటో తెలిసేది కాదు. అప్పటి నుంచీ స్టీరింగు ముట్టలేదు. లైసెన్సు మాత్రం గడువు తీరినప్పుడల్లా వెళ్ళి పొడిగించుకునేవాడు, ఎందుకో అతనికే తెలీదు.

డెల్ఫీనా మూడు వీధుల అవతల పిల్లలకి పియానో నేర్పుతుంది. ఆదివారం అక్క నీల్దా ఇంటికి భోజనానికి వస్తుంది. "ఉప్పు ఇటివ్వు బావా," అంటుంది. అంతకు మించి మాట ఉండదు.

"ఆ మలుపు కుడికా, ఎడమకా?" అని ఒకరోజు నీల్దాని అడిగాడు.

"నేను ఆ వ్యానులో లేను. డెల్ఫీనాని అడుగు."

అడగలేదు. విసుగెత్తి ఎడమకి కోసేశాడు. రాగి పట్టీ అతికించాడు, అంచులకి రంగు వేశాడు. ఆ శుక్రవారంతో దారి పూర్తయింది. కారుని గాడిలో దించి మీట నొక్కాడు. పిండిమర దాటింది, వంతెన దాటింది. కొత్త మలుపులో, మీట నొక్కే ఉన్నా, ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. చేతికొచ్చాక చూస్తే ముందు ఇరుసుకి గోధుమరంగు వెంట్రుక చుట్టుకుని ఉంది. పొడుగ్గా, బిరుసుగా ఉంది.

సులేమా పుట్టింటివాళ్ళు పశువుల వ్యాపారులు. ఆవిడ దాన్ని వెలుతురులో పట్టుకుని చూసింది. "గుర్రానిది. జూలు."

"ఎప్పటిది?"

"వెంట్రుక మీద తారీఖు ఉంటుందిటయ్యా?"

ఎవరిస్తోకి ఎటూ తేలలేదు. కారు ఇవాళ్టి వాన తెచ్చింది, ఇవాళ్టి దుమ్ము తెచ్చింది. గుర్రం కూడా ఇవాళ్టిదే అయ్యుండాలి. కాకపోతే? వెంట్రుకని అగ్గిపెట్టెలో పెట్టుకుని డెల్ఫీనా ఇంటికి నడిచాడు.

ఆమె అగ్గిపెట్టె తెరిచి చూసి పియానో మీద పెట్టింది.

"ఆ రోజు దారిలో గుర్రం ఉందా?" అని అడిగాడు.

ఆమె పియానో మూత దించి మూసింది. "నేనేం చూడలేదు బావా. నేను నిద్రపోయాను."

"నువ్వా?"

"మాతే కలిపిస్తూ, కబుర్లు చెబుతూ నిన్ను మెలకువగా ఉంచుతానని అక్కకి మాటిచ్చాను. వంతెన దాటాక కళ్ళు మూతలు పడ్డాయి. పోలీసులు అడిగితే అది చెప్పడానికి నోరు రాలేదు. నువ్వు పడుకున్నావన్నాను. నువ్వు కాదంటావని వారం రోజులు చూశాను. నువ్వు కాదనలేదు."

"నాకు గుర్తులేదు కదా."

"అది తర్వాత తెలిసింది. అప్పుడింక ఎలా చెప్పను?"

కోపం వస్తుందేమోనని ఎవరిస్తో కాసేపు ఎదురుచూశాడు. రాలేదు. "ఇంతకీ నేను నిద్రపోయానా, లేదా?"

"తెలీదు బావా. నాకు నిజంగా తెలీదు."

ఆదివారం భోజనాలయ్యాక ఎవరిస్తో పక్కింటి సులేమా కారు అడిగి తీసుకున్నాడు. డెల్ఫీనా తన చేతికర్ర వెనక సీట్లో పడేసి అతని పక్కన కూచుంది. నీల్దా మాతేకి వేడినీళ్ళ ఫ్లాస్కు కిటికీలోంచి అందించింది. మొదటి వీధిలో రెండుసార్లు బండి ఆగిపోయింది. ఊరు దాటేసరికి చెయ్యి కుదిరింది.

మలుపు వచ్చింది. అది కుడికి తిరిగింది.

ఎవరిస్తో బండి పక్కకి ఆపి దిగాడు. తీగల కంచె, మోకాలెత్తు గడ్డి, కాలవలో పచ్చటి నీళ్ళు. కనుచూపు మేర ఎక్కడా గుర్రం లేదు.

"నేను ఎడమకి కట్టాను," అన్నాడు.

"మరి ఆ వెంట్రుక ఎక్కడిది?" అంది డెల్ఫీనా కిటికీలోంచి.

"ఏమో."

అతను వచ్చి మళ్ళీ స్టీరింగు ముందు కూచున్నాడు. "వెనక్కి తిప్పనా?"

"ఆ బడి ఎలా ఉంటుందో నేనింతవరకూ చూడనే లేదు," అంది డెల్ఫీనా. "పోనివ్వు."