చెవి మీద సీతాకోక

శుక్రవారం ముంబయి దగ్గరి భివండిలో సాంచలకు, అంటే కరెంటు మగ్గాలకు, సెలవు. మిగతా ఆరు రోజులు తెలుగు నేతగాళ్ల పేట పద్మనగర్ మొత్తం మగ్గాల మోతలో మునిగి ఉంటుంది. ఆ ఒక్కరోజు కార్ఖానల తలుపులు మూసుకుంటాయి, మగవాళ్లు గడ్డాలు గీయించుకుంటారు, ఆడవాళ్లు బొంతలు ఉతుకుతారు. అంకుశం మాత్రం పొద్దున్నే రెండు బకెట్లు పట్టుకుని తోటకు పోతాడు.

తోటంటే పెద్దదేమీ కాదు. నూలుకు గంజి పెట్టే పాత కార్ఖాన వెనక, పది ఆటోలు పట్టేంత జాగా. ఒకప్పుడు అక్కడ చెత్త పోసేవాళ్లు. ఐదేళ్ల కింద రామవ్వ అనే పెద్దామె ఊరి నుంచి తెచ్చిన తంగేడు విత్తనాలు చల్లింది. తంగేడు మొలిచాక పసుపు సీతాకోకలు వచ్చాయి. వాటిని చూసి పేటలోనే ఉండే కొమురయ్య నిమ్మ పెట్టాడు, ఎవరో కరివేపాకు తెచ్చారు, జిల్లేడు దానంతటదే మొలిచింది. ఇప్పుడు పన్నెండు మంది వంతులేసుకుని నీళ్లు పోస్తారు. ఎవరికీ కూలి లేదు. మందు కొట్టొద్దు, పురుగు పట్టిన ఆకు తెంపొద్దు అన్నది రామవ్వ షరతు.

"గొంగళిపురుగు తిననీకెనే పెట్టినం గదా," అంటుందామె.

మగ్గాల మోతకు చెవులు పోయినవాళ్లు ఆ పేటలో ఇంటికొకరైనా ఉంటారు. తోటలో సీతాకోక వచ్చి చెవి మీద వాలితే, అది వాలి ఉన్నంతసేపు వాళ్లకు వినిపిస్తుంది. అది లేచిపోతే వినికిడి కూడా పోతుంది. దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. మాగిన అరటిపండు గుజ్జు చెవితమ్మెకు రాసుకుంటే తొందరగా వాలుతుందని కొమురయ్య కనిపెట్టాడు. రేడియో ఒళ్లో పెట్టుకుని, కదలకుండా కూర్చుని వార్తలు వింటాడు. మధ్యలో తుమ్మొస్తే మిగతా వార్తలు పోయినట్టే.

అంకుశం ఇరవై ఆరేళ్లుగా సాంచ నడుపుతున్నాడు. రెండు చెవులూ పూర్తిగా పోయి ఎనిమిదేళ్లయింది. తోటలో ఆయన పిచ్చుకలను విన్నాడు, ఆటో హారన్లు విన్నాడు, గొంగళిపురుగు ఆకు కొరికే చప్పుడు కూడా విన్నానంటాడు. భార్య సత్తెమ్మ గొంతు మాత్రం వినలేదు. రమ్మని ఎన్నిసార్లు పిలిచినా ఆమె బీడీల చాట చూపించి, పనుందని చెయ్యి ఊపేది. తన మీద ఏదో కోపం ఉందనుకుని ఆయన పిలవడం మానేశాడు.

వానలు తగ్గుముఖం పట్టిన ఒక శుక్రవారం సత్తెమ్మ తనంతట తానే వచ్చింది. అంకుశం నిమ్మచెట్టు కింద కూర్చుని గడ్డి పీకుతున్నాడు. నల్ల సీతాకోక ఒకటి అప్పుడే కుడి చెవి మీద వాలింది. వెనక ఎవరో సద్ది డబ్బా కింద పెట్టిన చప్పుడు విన్నాడు.

"ఇటు మల్లకు. అది లేస్తది."

గొంతు బొంగురుపోయింది గాని, ఆమెదే.

"నా రొమ్ముల గడ్డ లేసింది," అంది సత్తెమ్మ. "ఎండకాలంల శనగగింజంత ఉండె. ఇప్పుడు పోకకాయంత అయింది. చంకల గూడ ఒకటి తగులుతున్నది."

అంకుశం చేతిలో గడ్డి చేతిలోనే ఉండిపోయింది. మెడ కదపలేదు.

"ఎవ్వలకు చెప్పలే. నీకు చెప్పిన. బువ్వ పెట్టినప్పుడల్ల చెప్పిన. నువ్వు ఊఁ అన్నవు, తిన్నవు, పోయినవు. నీకు ఇనరాదని ఎర్కనే. చెప్పినట్టు గూడ ఉండాలె, ఎవ్వలు ఇనగూడదు, గట్లనే మంచిగనిపించింది నాకు," అంది. "నిన్న బిడ్డకు జడెయ్యబోతె చెయ్యి మీదికి లేవలే. అది, క్యా హువా అమ్మా, ఏమైంది అని అడిగింది. దానికేం చెప్పాలె? గందుకే నీకాడికొచ్చిన."

"ఎన్ని నెలలాయె?" అన్నాడాయన, నిమ్మచెట్టు వైపే చూస్తూ.

"ఐదు."

గడ్డి పడేసి లేవబోయాడు, సీతాకోక ఎగిరిపోయింది. ఆయన వెనక్కి తిరిగాడు. సత్తెమ్మ పెదాలు ఇంకా కదులుతున్నాయి, మాట మాత్రం ఒక్కటీ చేరడం లేదు. ఆయన చేతులు కడుక్కుని, ఆమె మణికట్టు పట్టుకున్నాడు. నడివీధిలో అట్లా పట్టుకుని నడవడం వాళ్ల పెళ్లయ్యాక అదే మొదటిసారి.

మర్నాడు ఆయన సాంచకు పోలేదు. ఇద్దరూ మొదటి బస్సుకే ముంబయిలోని పెద్ద దవాఖానకు పోయారు. పరీక్షలన్నీ చేశాక డాక్టరమ్మ సత్తెమ్మను గట్టిగానే కోప్పడింది. ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే చెయ్యడానికేమీ ఉండేది కాదంది. సత్తెమ్మ ఆ మాట మొగుడికి రెండు వేళ్లు చూపించి చెప్పింది. ఆపరేషన్ అయింది. సూదులు నడిచాయి, జుట్టు రాలింది, మళ్లీ ఎండాకాలం వచ్చేసరికి ఆమె ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతోంది. అన్నాళ్లూ అంకుశం వంతు నీళ్లు రామవ్వే పోసింది.

ఇప్పుడు అంకుశంతో అన్నం దగ్గర పెద్ద తంటా. సత్తెమ్మ ఏదన్నా అంటే చాలు, ముద్ద పళ్లెంలో పెట్టేసి ఆమె పెదాలనే చూస్తాడు.

"మల్ల చెప్పు."

ఆమె చెప్తుంది.

"తెల్వలే. మల్ల చెప్పు."

"ఉప్పు! కూరల ఉప్పు సాలిందా అంటున్న!" అని సత్తెమ్మ చిటికెడు ఉప్పు తీసి ఆయన కళ్ల ముందు పెడుతుంది. బిడ్డ పడీపడీ నవ్వుతుంది.

అంకుశం నవ్వడు. ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, బాగా ఆలోచించి చెప్తాడు: "జర తక్కువైంది."