పంది కొవ్వులో దాచిన ఇంజను

మా అక్క స్తానియా ఇంట్లో ఉప్పు ఉండదు. మూత్రపిండాలు పాడై, వారానికి మూడుసార్లు పట్నం ఆసుపత్రికి పోయి రక్తం శుభ్రం చేయించుకునే మనిషికి డాక్టర్లు ఉప్పు మాన్పించారు. ఆవిడ మానేస్తే బావ ఒబ్రాద్ కూడా మానేశాడు. "ఒక పొయ్యి మీద రెండు వంటలేంటి?" అన్నాడట. ఆ పత్నీభక్తి పుణ్యమా అని, సెలవు పెట్టి సాయానికి కొండెక్కిన నేను కూడా వారం రోజులుగా చప్పిడి బీన్సు పులుసు మింగుతున్నాను.

నేనొచ్చింది కారు పని మీద. మా దేశంలో అందరూ స్తోయాదిన్ అని ముద్దుగా పిలుచుకునే పాత కారు వాళ్ళది. మొన్న చలికాలంలో నీళ్ళు గడ్డకట్టి దాని ఇంజను పగిలింది. ఊరికొచ్చే బస్సు అంతకు ముందే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ పొరుగువాళ్ళని బతిమాలుకుంటూ వెళ్ళొచ్చారు గానీ బతిమాలుకోవడానికి కూడా హద్దుంటుంది. పట్నంలో రోగుల ఆశ్రమం ఒకటుంది. అక్కడ అక్క కోసం ఒక మంచం ఆదివారం దాకా అట్టేపెట్టారు. మంచం రోగికే, మొగుడికి చోటు లేదు. కారు కదిలితే అక్క ఇంట్లో ఉంటుంది, కదలకపోతే ఆ మంచం మీదకి పోతుంది. ఇంకో కారు కొనే స్తోమత వాళ్ళకీ లేదు, నాకూ లేదు. నేను తెచ్చిన వ్యాను మా యజమానిది.

మిగిలిన ఆశ ఒక్కటే, కొట్టంలో ఉన్న ఇంజను. దేశం ముక్కలవక ముందు బావ దాన్ని కొత్తగా కొని పెట్టాడు. బిగించే లోపే అతన్ని సైన్యంలోకి పిలిచారు. పోతూ పోతూ పెళ్ళానికి ఒక్క మాట చెప్పాడు, ఇంజనుకి తుప్పు పట్టనివ్వకు అని. బయటి దేశాలు మా మీద ఆంక్షలు పెట్టిన రోజులు, ఎక్కడా చుక్క ఆయిలు దొరకదు. అక్క ఏం చేసిందంటే, ఆ ఏడు పందిని కోసి కాచిన కొవ్వంతా వేడివేడిగా ఇంజనులో పోసి, ప్లగ్గుల కన్నాలకి మొక్కజొన్న బెండ్లు బిగించింది. రొట్టెకి కొవ్వు రాసుకుని పైన ఎర్ర కారం చల్లుకుంటే తప్ప మాకు చలికాలం గడవదు. ఆ చలికాలమంతా ఆవిడ ఒట్టి రొట్టె తింది. బావ తిరిగొచ్చి ఆ మాట విని ఏడ్చాడు. ఆ తర్వాత పాత ఇంజను చావకుండా నడుస్తూనే ఉంది, ఇది అలాగే ఉండిపోయింది. కానీ దీని కథ మాత్రం బావ పెళ్ళికెళ్ళినా చావుకెళ్ళినా చెబుతూనే ఉన్నాడు.

"చూడు బావమరిదీ, మీ అక్క తెలివి! పైన ఒక్క మరక ఉందేమో చూడు!" అన్నాడు గోనె పట్టా లాగుతూ.

"బావా, కారు కంటే ముందు నువ్వు స్టార్టయ్యావు. ఆ స్పానరిలా ఇచ్చి మాట్లాడు."

బెండ్లు పీకి చూస్తే లోపల కొవ్వు గోధుమ రంగుకి తిరిగి లక్కలా గట్టిపడింది. ఇరుసు కదల్లేదు. డీజిలూ ఆయిలూ కలిపి పోసి రెండు రోజులు నాననిచ్చాం. మూడోరోజు పొడుగాటి ఇనప గొట్టం తగిలించి ఇద్దరం వేలాడితే, లోపల ఏదో చిటచిటమని ఒక చుట్టు తిరిగింది. బావ నన్ను కావలించుకుని నా జిడ్డు ముఖం మీదే ముద్దు పెట్టాడు.

"ఇక చాలు, బిగించెయ్యి," అన్నాడు.

"హెడ్డు తెరిచి సిలిండర్ల లోపల చూడాలి బావా."

"తిరుగుతోందిగా బావమరిదీ. ఇంకా కెలకడం దేనికి?"

అతని భయం నాకు తెలుసు. నాకూ అదే భయం. అయినా తెరిచాను.

రెండు సిలిండర్ల గోడలు మశూచి పోసిన ముఖంలా గుంటలు పడి ఉన్నాయి. చెమ్మకి పట్టే తుప్పు అలా ఉండదు, పైపైన ఎర్రగా పరుచుకుంటుంది. ఇది లోపలికి తినేసింది. కొవ్వు ఇలా ఎలా తింటుందో అర్థం కాక, పిస్టన్ అంచున పేరుకున్నదాన్ని గోటితో గీకి నాలుక చివర పెట్టుకున్నాను. ఉప్పు. వారం చప్పిడి తిండి తర్వాత నా నోటికి తగిలిన మొదటి ఉప్పు.

అప్పుడర్థమైంది. మాంసమైనా, జున్నైనా, క్యాబేజీ ఊరగాయైనా నిలవ ఉండాలంటే మా ఆడవాళ్ళు ఉప్పే వేస్తారు. అక్క ఇంజనుని కూడా అలాగే నిలవ పెట్టింది. కంచే చేను మేసిందంటే ఇదే. కడుపు మాడ్చుకుని మరీ మేపింది. నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే పిచ్చి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

"ఏమైంది?" బావ నా భుజం మీంచి వంగాడు.

"చెమ్మ," అన్నాను.

బావ తలెత్తి కొట్టం కప్పు చూశాడు. సరిగ్గా మా నెత్తి మీద పెంకు ఒకటి పగిలి ఆకాశం కనిపిస్తోంది. అతని ముఖంలో నెత్తురు లేకుండా పోయింది. "ఆ పెంకు మార్చమని మీ అక్క ఎప్పట్నించో చెబుతోంది," అన్నాడు.

నిజం చెబితే బావ మీది బరువు దిగి అక్క నెత్తిన పడుతుంది. ఇద్దర్లో ఎవరు మోయగలరో చూసుకుని నోరు మూసుకున్నాను.

ఈలోగా అక్క కాఫీ తెచ్చింది. సంగతి విని ట్రే ఠపీమని బల్ల మీద పెట్టింది. "ఏమయ్యా, నేను పస్తుండి కాపాడితే నువ్వు ఒక్క పెంకు మార్చలేకపోయావా? నిచ్చెనకేమైనా కాళ్ళు విరిగాయా?"

బావ స్పానర్లు ఒక్కొక్కటే తుడుస్తూ కూర్చున్నాడు.

ఆ సిలిండర్ల గోడలు అరగదీయించి పెద్ద పిస్టన్లు వేయించాలి. మాకంత వ్యవధి లేదు. గరుకు కాగితంతో రుద్దాను. అంటుకుపోయిన పిస్టన్ రింగుల్ని విడదీశాను. ఆయిలు పారే సన్నటి దారుల్లో కొవ్వు రాయై కూర్చుంది. తీగ పోయినంత మేరా పొడిచి, గాలి కొట్టి తీశాను. పోనిచోటికి దేవుడే దిక్కు. శనివారం మధ్యాహ్నానికి ఇంజను కార్లో కూర్చుంది.

బావ తాళం తిప్పాడు. దగ్గింది. మళ్ళీ తిప్పాడు. ఒళ్ళంతా విదిలించుకుని అంటుకుంది. సైలెన్సరు లోంచి తెల్లటి పొగ, పొగతోపాటు పందిని కోసిన రోజు పెరడంతా కమ్ముకునే కాగిన కొవ్వు వాసన. పొరుగింటి కుక్కలు రెండు గేటు దగ్గర చేరి తోకలాడించాయి.

"ఒబ్రాద్! పండగ వంట చేస్తున్నావా ఏంటి!" అక్క పగలబడి నవ్వింది. ఆ వారంలో అదే మొదటిసారి. నవ్వుతూనే ఏప్రన్ తోనే వెళ్ళి అతని పక్కన కూర్చుంది.

నేను కిటికీలోంచి స్టీరింగు ముందున్న ఆయిలు ఎర్ర దీపం కేసి చూశాను. ఆయిలు పైకెక్కితే అది ఆరిపోవాలి. ఆరలేదు.

"బావా, ఆపు."

"ఒక్క నిమిషం."

"ఆయిలెక్కట్లేదు, ఆపు! ఇంజను చచ్చిపోతుంది!"

బావకి తెలియక కాదు. జన్మంతా కార్లు నడిపినవాడు. దీపం చూశాడు, పక్కన నవ్వుతున్న పెళ్ళాన్ని చూశాడు, గేరు వేశాడు. కారు గేటు దాకా వెళ్ళింది. అక్కడ లోపల సుత్తితో కొట్టినట్టు నాలుగు దెబ్బలు వినిపించి ఆగిపోయింది.

"మళ్ళీ తిప్పు," అంది అక్క.

తిప్పాడు. టక్కుమంది, అంతే.

"ఇంకోసారి."

తిప్పాడు. ఆవిడ అడిగినన్నిసార్లూ తిప్పాడు. చివరికి అడగడం మానేసింది.

ఆదివారం పొద్దున నేను తెచ్చిన వ్యానులోనే అక్కని ఆశ్రమంలో దింపాలి. పెట్టె వెనక పెట్టాను. ఆవిడ సీట్లో కూర్చుని, తలుపు పట్టుకుని నిలబడ్డ బావకి అప్పగింతలు మొదలెట్టింది. గొర్రెల సంగతి, పొయ్యి గొట్టం సంగతి, ఉన్ని మేజోళ్ళు ఎక్కడున్నాయో.

"ఇంకో మాట. ఇక నువ్వు ఉప్పు తిను. నేనుండనుగా, ఎవరికోసం మానడం? చలికాలం పందిని కోశాక కొవ్వులో ఉప్పు వెయ్యడం మర్చిపోకు, లేకపోతే నిలవుండదు. ఆ ఇంజనుకే రెండు గుప్పిళ్ళు వేశాను, తెలుసా? ఇంట్లో ఉన్న ఉప్పంతా ఊడ్చి దాని పొట్టలోనే పోశాను. నీ పెంకు కారకపోతే ఇవాళ..."

బావ చెయ్యి తలుపు మీద అలాగే ఉండిపోయింది. మంచు పడ్డప్పుడల్లా అది కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కార్ల అడుగు రేకుల్ని ఎలా తినేస్తుందో ఆ కొండ మీద అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు. నా కేసి చూశాడు. నేను స్టీరింగు కేసి చూశాను.

"నిజమే స్తానియా," అన్నాడు. "ఆ పెంకు మార్చి ఉండాల్సింది. తప్పు నాదే."

"ఇప్పటికైనా మార్చు."

"ఇవాళే మారుస్తాను."

తలుపు మెల్లగా వేశాడు. వ్యాను మలుపు తిరిగేటప్పుడు అద్దంలో చూశాను. బావ నిచ్చెన ఈడ్చుకుంటూ కొట్టం వైపు పోతున్నాడు. ఆ కొట్టంలో ఇక తడవడానికేమీ లేదు.

"ఏం చేస్తున్నాడు?" అక్క వెనక్కి తిరగలేక నన్నడిగింది.

"కప్పెక్కుతున్నాడక్కా," అన్నాను.

"హమ్మయ్య," అంది.