లింగారావు గేటు నుంచి పన్నెండో క్వార్టరుకు

నేను ఒక టులెట్ బోర్డును. రేకు ముక్కకు పసుపు రంగు పూసి, ఎర్ర అక్షరాలు దిద్ది ఎండలో ఆరబెడితే పుట్టాను. నన్ను కొన్న లింగారావు గారు ముత్యాలగుట్ట మున్సిపాలిటీలో కౌన్సిలర్. చుట్టూ సాఫ్ట్‌వేర్ కంపెనీలు వచ్చాక ఆయన రెండంతస్తుల ఇల్లు ఐదంతస్తులైంది, అద్దె ఆకాశాన్నంటింది. వాటాలు ఆరు నెలలు ఖాళీగా పడి ఉన్నా సరే, ఆయన రూపాయి తగ్గించేవారు కాదు. ఆయన మొండితనం పుణ్యమా అని నా ఉద్యోగానికి ఢోకా ఉండేది కాదు.

నన్ను చూసి ఇల్లు అడగడానికి వచ్చినవాళ్లలో ఎస్తేరు రాణి టీచర్ ఒకరు. సర్కారు బడిలో ఫిజిక్స్ చెప్పేవారు. మూడు బస్సులు మారి రావాలి. రోజుకు ఐదు గంటలు రోడ్డు మీదే. అద్దె ఎంతో చెప్పగానే "నా జీతంల సగానికంటే ఎక్కువే సార్" అని నవ్వి వెళ్లిపోయారు. ఆ నవ్వు చూసి నా మీద నాకే సిగ్గేసింది.

అంతకుముందు ముగ్గురు సైన్సు టీచర్లు ఇలాగే ఇల్లు కుదరక బదిలీ చేయించుకుని పోయారు. ఈవిడ కూడా దరఖాస్తు రాసి పెట్టుకున్నారని మా వాచ్‌మన్ సాయన్న భార్య బాలమణికి తెలిసింది. వాళ్ల కూతురు రవళి ఆ బడిలోనే తొమ్మిదో తరగతి. బాలమణి బడి తల్లుల కమిటీకి అధ్యక్షురాలు కూడా.

బడి వెనక ఖాళీ జాగాలో టీచర్లకు తక్కువ అద్దెతో పన్నెండు క్వార్టర్లు కట్టాలన్న తీర్మానం కౌన్సిల్ ముందుకొచ్చింది. ఖర్చులో సగం ప్రభుత్వానిది, సగం మున్సిపాలిటీది. ఆ రోజు బాలమణి నన్ను గేటు నుంచి ఊడదీసి, కొంగు చాటున పెట్టుకుని బయల్దేరింది.

"సారు తిడ్తడే!" అన్నాడు సాయన్న.

"తిడ్తె పడ్త. ఆ టీచరమ్మ గూడ పోతె పిల్లకు నువ్వు చెప్తవా పాఠం?"

కౌన్సిల్ సమావేశానికి తోటి తల్లులూ వచ్చారు. కమిటీ తరఫున మాట్లాడమనగానే బాలమణి నన్ను రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. "అయ్యా, మనూళ్ల ఇసొంటి బోర్డులు నూరున్నయి. ఒక్కింట్ల గూడ టీచరమ్మ దిగలేకపోయింది. మా పిల్లలకు సదువు జెప్పెటోళ్లకు ఇంత జాగ లేదా?"

"తీర్మానానికి ఒప్పుకునేవారు చేతులెత్తండి" అన్నారు చైర్‌పర్సన్. తొమ్మిది చేతులు లేచాయి. పది కావాలి. తీర్మానం వీగిపోతుందన్న ధీమాతో అప్పటిదాకా ఫోన్లో తలదూర్చి కూర్చున్న లింగారావు గారు అప్పుడే తలెత్తి నన్ను చూశారు. చెయ్యెత్తి నావైపు చూపిస్తూ "ఏయ్, ఆ బోర్డు నాది!" అని అరిచారు.

"పది. తీర్మానం పాసైంది!" అని ప్రకటించారు చైర్‌పర్సన్.

హాలంతా చప్పట్లు. తల్లులు ఆయన చుట్టూ మూగి "నువ్వు సల్లగుండాలె అయ్యా" అని దండాలు పెట్టారు. లింగారావు గారు ఎత్తిన చేతిని మెల్లగా దించి, రెండో చేత్తో కలిపి నమస్కారం చేసేశారు. సాయంత్రానికల్లా 'గురువుల ఆత్మబంధువు' అని ఆయన ఫ్లెక్సీ కూడా వెలిసింది. నన్ను తిరిగి అడగడానికి ఆయనకు మొహం చెల్లలేదు. ఎస్తేరు రాణి టీచర్ తన దరఖాస్తును ఆ రోజే చింపేశారు.

ఏడాదికి క్వార్టర్లు లేచాయి. గృహప్రవేశం నాడు పాస్టరు గారు ముందు గదిలో ప్రార్థన చేస్తుంటే, వంటింట్లో బాలమణి పాలు పొంగించింది. ఎవరి పద్ధతి వాళ్లది, సంతోషం మాత్రం అందరిదీ. నాకు కొత్తగా తెల్లరంగు వేయించి పన్నెండో క్వార్టరు తలుపు పక్కన కొట్టారు. ఇప్పుడు నా మీద 'ఎస్తేరు రాణి, ఫిజిక్స్ టీచర్' అని ఉంటుంది. ఇంత గర్వం నా జన్మలో ఎరగను.

పొద్దుగూకే వేళకు పదో తరగతి పిల్లలంతా పుస్తకాలు పట్టుకుని వస్తారు. నన్ను చదివి మొహం వేలాడేసుకుని వెనక్కి పోయేవాళ్లు ఇప్పుడు ఒక్కరూ లేరు.