పని చేసుకుంటా విను

వినకుండానే బాగుంది అన్నంత మాత్రాన అది అబద్ధమైపోదు, బాగుండదని తనకేం తెలుసు గనక, బాగానే ఉండి ఉంటుంది, జయశీల పంపినవి బాగుండకుండా ఎందుకు పోతాయి. రొయ్యల చెరువు నడుమ థర్మోకోల్ తెప్ప మీద నిలబడి, ఈ కట్టకీ ఆ కట్టకీ కట్టిన తాడును ఒక చేత్తో లాక్కుంటూ రూఫస్ మేత చల్లుతున్నాడు. రెండో చెయ్యి బక్కెట్లోకి పోతుంది, పిడికెడు తీస్తుంది, నీళ్ళ మీదికి విసురుతుంది. ఆ చెయ్యి తనదేనని గుర్తు పెట్టుకోవాల్సిన పని కూడా లేదు.

జయశీల అతని భార్య. కువైట్లో ఒక ఇంట్లో ముసలామెను కనిపెట్టుకుని, వంటా ఇస్త్రీ చేస్తూ రెండేళ్ళు కావస్తోంది. ఇస్త్రీ చేసేటప్పుడు చెవిలో ఏదో ఒకటి పడుతుండాలని ఫోన్లో వెతుక్కోబోయి, మన సర్కారు రేడియో కార్యక్రమాలు పాడ్‌కాస్టులుగా దొరుకుతాయని కనిపెట్టింది. వాటిలో అరుపుల్లేవు, అది కొను ఇది కొను అని వెంటపడేవాళ్ళు లేరు. ఒక మనిషి నిదానంగా అడుగుతాడు, ఇంకో మనిషి తనకు తెలిసింది చెబుతాడు, అంతే. తేనెపట్టు తీసేవాడు, హార్మోనియం బాగుచేసేవాడు, పాములు పట్టే ఆమె. నచ్చిందల్లా రూఫస్‌కి పంపేది. కింద ఎప్పుడూ ఒకటే మాట రాసేది: పని చేసుకుంటా విను.

అతను వినలేదు. బద్ధకం కాదు. కాలు తిమ్మిరెక్కితే కాసేపటికి సూదులు పొడుస్తాయి, అప్పుడు కాలు ఉందని తెలుస్తుంది. అతనికి ఆ సూదులు రావడం మానేసి చాలా కాలమైంది. అమ్మ పోయినప్పుడు కంట్లో తడి లేదు, కడుపు నిండా తిన్నాడు కూడా. ఆదరణ కూడికలో పాస్టరుగారు భుజం తట్టి, ధైర్యంగా ఉన్నావయ్యా అన్నాడు. అది ధైర్యం కాదని ఆయనకెట్లా చెప్పేది? జయశీలను విమానం ఎక్కించి వచ్చిన సాయంత్రం కూడా చెరువులో ట్రేలు ఎత్తి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసుకున్నాడు. తిన్నాయి.

అందుకని, లింకు వచ్చిందంటే 'బాగుంది' అని కొట్టేవాడు. దానికి వినాల్సిన పనేముంది?

పోయిన నెల ఒకటి వచ్చింది, కింద ఏమీ రాయకుండా. కాస్త మార్చి 'బో బాగుంది' అని పెట్టాడు. వెంటనే ఫోన్ మోగింది.

"ఏందయ్యా, బో బాగుందా?"

"ఊఁ."

"అరబ్బీ ఎప్పుడు నేర్చుకున్నావు?"

అతను ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"మా ముసలామె వినే రేడియో అది. నాకే సగం తెలీదు. నీకేమో బో బాగుండె." నవ్వింది. ఆ నవ్వు అయిపోయినాక ఫోన్ పెట్టేసింది.

అప్పట్నించీ లింకులు రాలేదు. వాళ్ళిద్దరి మధ్యా నడుస్తున్నది అవొక్కటేనని అవి ఆగిపోయినాక గానీ అతనికి తెలియలేదు. తెలిసినా బాధేమీ లేదు. గోడ మీది గడియారం ఆగిపోయిందని గమనించినట్టుంది.

నిన్న మళ్ళీ చేసింది. ఇంటివాళ్ళు ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టమంటున్నారట, శుక్రవారం లోపల చెప్పాలట.

"పెట్టేదా?"

"నీ ఇష్టం."

"నా ఇష్టం నాకు తెలుసు. నిన్ను అడగతా ఉండా."

మేత వేళయిందని ఫోన్ పెట్టేశాడు. మేతకి ఇంకా టైముంది. ఇవాళ గురువారం. నాకేం కావాలి అని రాత్రంతా తనను తానే అడిగి చూసుకున్నాడు. ఖాళీ ఇంటి తలుపు కొట్టినట్టే ఉంది.

"ఏందిరా రూఫసూ," కట్ట మీద నుంచి కాపలా నరసయ్య కేకేశాడు. "మేతంతా ఒక్క చోటే పోస్తా ఉండావు. ఆడేమన్నా రొయ్యలకి పెళ్ళా?"

చూసుకుంటే నిజమే. తాడు లాగడం ఎప్పుడో మానేశాడు. తెప్ప కదలకుండా నిలబడి ఉంది, దాని ముందు మేత తెట్టెలాగా తేలుతోంది.

"పెళ్ళే," అన్నాడు రూఫస్. "నువ్వు రాకపోతివే."

"పిలిస్తే గదా."

గట్టుకొచ్చి రెండో బక్కెట్ నింపుకున్నాడు. నింపుకుని, ఫోన్ తీసి, జయశీల పంపినవన్నీ వేలితో పైకి తోసుకుంటూ పోయాడు. బాగుంది, బాగుంది, బాగుంది. అన్నిటికన్నా ముందు పంపినదాని మీద నొక్కి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్ళీ తెప్ప ఎక్కాడు.

చింతపండు కొట్టి గింజలు తీసే ముసలామెతో రేడియో ఆయన మాట్లాడుతున్నాడు. అమ్మా, ఈ పని ఎప్పట్నుంచీ చేస్తున్నారు? పుట్టినప్పట్నించీ నాయనా, అప్పుడు నువ్వొచ్చి అడగలా. సుత్తి దెబ్బ వినపడుతోంది, గింజ రాలిన చప్పుడు వినపడుతోంది. రూఫస్ తాడు లాగాడు, మేత చల్లాడు. ఉన్నట్టుండి కోడి కూసింది. రేడియో ఆయన ఆగాడు. మళ్ళీ ఏదో అడగబోతే మళ్ళీ కూసింది. ముసలామె అంది, దాన్ని గూడా అడుగు నాయనా, అదీ ఈ ఇంటిదే.

జయశీల ఉండే చోట కోళ్ళు కూయవు. పదో అంతస్తు అని ఒకసారి చెప్పింది. ఆ కూత చెవిన పడగానే ఇస్త్రీ పెట్టె పక్కకి పెట్టి ఉంటుంది. పక్కకి పెట్టి, అప్పటికప్పుడే తనకు పంపి ఉంటుంది. సూది ఏమన్నా గుచ్చుకుందా అని రూఫస్ లోపలికి చూసుకున్నాడు. గుచ్చుకున్నట్టే ఉంది, కానట్టూ ఉంది.

బక్కెట్ ఖాళీ చేసి గట్టెక్కాడు. చెరువులో గాలి కలిపే ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. వాటికి వీపు పెట్టి, ఫోన్ నోటి దగ్గరకు తెచ్చుకుని, మైకు బొమ్మ మీద బొటనవేలు అదిమిపెట్టాడు.

"మధ్యలో కోడి కూసింది," అన్నాడు. "రెండుసార్లు. దాన్ని గూడా అడుగు నాయనా అన్నింది ఆ ముసలామె."

వేలు తియ్యలేదు. వేలి కింద సెకన్లు నడుస్తున్నాయి.

"సంతకం పెట్టబాక," అని వేలు తీశాడు.