ఎక్కని ఎరుపు

పెంటప్ప నూలు పోగుల లడిని తొట్టిలో ముంచి, తిప్పి, పైకెత్తాడు. పసుపుపచ్చగా దిగింది, పసుపుపచ్చగానే పైకొచ్చింది. ఇంకోసారి ముంచాడు. నాఫ్తాల్ పట్టించిన నూలు ఈ నీళ్లు తగలగానే ఎర్రబడి తీరాలి. మీసాలు రాకముందు నుంచీ చద్దర్ల నూలుకు రంగు వేస్తున్నవాడు ఆయన. రంగు తక్కువ ఎక్కడం చూశాడు, మచ్చలుగా ఎక్కడం చూశాడు, అసలు ఎక్కకపోవడం మాత్రం ఎరగడు.

నీళ్లలో నైట్రైట్ పొడి కలవకపోతేనే అలా జరుగుతుంది. కానీ కలిపింది తన చేత్తోనే. మూలనున్న డబ్బా తెరిచి, చిటికెడు తీసి నాలుక కొనకు తగిలించి ఉమ్మేశాడు. ఉప్పు. అన్నంలో వేసుకునే ఉప్పు.

మరి ఉప్పు డబ్బాలో ఉన్నదేమిటి? ఆ మాట అనుకోగానే పెంటప్ప పైప్రాణాలు పైనే పోయాయి. ఆ డబ్బాలోది ఉప్పనుకునే ముద్దలు చేశాడు. ఆ ముద్దల్ని పొద్దున్నే జింకలకు పెట్టి వచ్చాడు.

నైట్రైట్ అంటే ఏమిటో ఆయన ఉండే నీలం నగర్ గేదెలకు కూడా తెలుసు, తెలిసిన గేదె బతికి లేదు గానీ. గల్లీలో ఒలికిన పొడిని నాకిన పాలవాడి గేదె ఊపిరందక తన్నుకుని, నాలుక నల్లబడి, డాక్టరు వచ్చేలోపు పోయింది. దాని కళ్లు పెంటప్ప ఇప్పటికీ మరిచిపోలేదు.

రంగులవాడికి జింకలతో ఏం పని అని ఎవరైనా అడగొచ్చు. గల్లీ అంతా అడిగింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అక్కల్‌కోట్ రోడ్డు అవతల రాజారాంకు జొన్న చేను ఉంది. పెంటప్ప ఇంట్లో తినేది ఆ జొన్నలే, అలా కలిసింది ఇద్దరికీ స్నేహం. ఏటా కృష్ణజింకల మంద వచ్చి చేను మేసిపోయేది. చుట్టుపక్కల రైతులు మందు పెట్టి పీడ వదిలించుకుందామన్నారు. తన పొలంలో మాత్రం పెట్టనివ్వనని రాజారాం అందరి ముందూ చెప్పాడు. అప్పుడే పెంటప్ప ఒక ఉపాయం చెప్పాడు. వాటికి వేరే విస్తరి వేద్దాం, కడుపు నిండినవాడు దొంగతనానికి ఎందుకు పోతాడన్నాడు. తొలకరికి వాగు ఒడ్డున, కుక్కల కంటపడని చోట, సన్నటి పట్టీగా ఉలవలు, పెసలు, అలసందలు చల్లారు. జింకలు చౌడు మట్టిని నాకడం చూసి, ఉప్పు, పశువుల డాక్టరు ఇచ్చిన ఎముకల పొడి, బెల్లం, బంకమట్టి కలిపి ముద్దలు పెట్టాలనుకున్నారు. శ్రావణం దాటేసరికి మంద పెంటప్పను చూసి పారిపోవడం మానేసింది. తలెత్తి చూసి, మళ్లీ మేసేది. ఆ చూపుకు ఆయన పెళ్లికొడుకులా మురిసిపోయేవాడు.

ఉప్పు డబ్బాలోది నాలుక మీద వేసి చూడందే వాడని మనిషి, దసరా దాటాక చేసిన ఈ మొదటి ముద్దలకు మాత్రం చూడలేదు. మూగజీవాలకు పెట్టేది ఎంగిలి చేయకూడదనుకున్నాడు.

ఆయన ఇంట్లోకి వచ్చేసరికి భార్య బాలమణి బీడీల చాట ముందు కూర్చుని ఉంది.

"డబ్బల దారాలు ఎవరు ఇప్పిన్రు?"

రంగుల ఇంట్లో డబ్బాల మీద పేర్లు రాయరు. తడి చేతులకు రాతలు నిలవవు. చూడ్డానికి రెండూ ఒకేలా తెల్లగా ఉంటాయి గనక ఉప్పుకు తెల్ల దారం, నైట్రైట్‌కు ఎర్ర దారం కడతారు, అదే గుర్తు.

"నేనే ఇప్పిన. దసరా పూజల మైల దారాలు ఉంచుతరా? డబ్బలన్నీ కడిగి, అన్నిటికీ పసుపు దారం కట్టిన." ఆమె ఆయన ముఖం చూసి చాట పక్కన పెట్టింది. "ఏందయ్యా, ఏమైంది?"

ఏటా పూజ కాగానే పసుపు దారం పక్కన పాత గుర్తు కట్టేది పెంటప్పే. ఈ ఏడు ఆయుధపూజ నాడు ఆయన రాజారాం పొలంలో ఉలవ కాయలు చూసుకుంటూ ఉన్నాడు. కడిగి పెట్టడంలో డబ్బాల చోట్లు మారాయి, ఆయన దారం చూడకుండా పాత చోటునే నమ్మి తీశాడు. ఆమెను ఏమనగలడు? సైకిల్ తీశాడు.

పొద్దు వాలుతోంది. జింకలు వాగు దాటి పట్టీలోకి వచ్చే వేళ అదే. రోడ్డు మీద నూలు బండ్లు, సిటీ బస్సు, ఎవరో పిలిచారు, ఎవరో తిట్టారు. ఆయనకు గేదె కళ్లే కనిపిస్తున్నాయి. పొలంలో ఒక్క జింక పడినా, మందు పెట్టింది రాజారామే అంటారు. ఏ మచ్చ వద్దని ఊరితో పోట్లాడాడో ఆ మచ్చ అతనికే అంటుతుంది. కానీ నిజం చెప్పాలంటే, ఆ సమయంలో పెంటప్ప భయం రాజారాం గురించి కూడా కాదు. తనను చూసి పారిపోని ఆ ముఖాల గురించే.

కాలిబాట మొదట్లో సైకిల్ పడేసి పరుగెత్తాడు. మంద వచ్చేసింది. కొన్ని ఉలవల్లో మేస్తున్నాయి. రేగుపొద కింద ముద్ద దగ్గర ఒక ఆడజింక తల వంచి ఉంది.

పెంటప్ప అరిచాడు. జింకలన్నీ తలెత్తి చూశాయి. చూసి, రోజూ వచ్చే మనిషే కదా అన్నట్టు మళ్లీ మేతకు వంగాయి. ఆయనకు ఏడుపొచ్చింది. రాయి తీసి విసిరాడు. అది నేల మీద పడింది. ఇంకోటి విసిరాడు. అది ఆడజింక డొక్కలో తగిలింది. జింక ఎగిరి దూకింది, దాని వెనక మంద మొత్తం గాల్లోకి లేచింది. ఆయన ఆగలేదు. నోటికొచ్చిన బూతులు తిడుతూ, రాళ్లు రువ్వుతూ, అవి గట్టు దాటి కనుమరుగయ్యాక కూడా తరుముతూనే ఉన్నాడు. కర్ర పట్టుకుని పరుగున వచ్చిన రాజారాం, ఇతనికి పిచ్చెక్కిందనుకుని రెండు చేతులా వాటేసుకుని ఆపాడు.

విషయం విని రాజారాం కర్ర పడేసి గోనె తెచ్చాడు. ఇద్దరూ ముద్దలు ఏరి గోనెలో వేశారు. రేగుపొద కింది ముద్ద మీద నాలుక ఆడిన చోట నున్నగా, తడిగా ఉంది. పెంటప్ప దాన్ని వేలితో తాకి, వేలును చొక్కాకు తుడిచాడు, మళ్లీ తుడిచాడు.

ఆ తర్వాత ఆయన రంగుల పని ముట్టుకోలేదు. పొద్దున్నే వెళ్లడం, గద్దలు ఎక్కడ తిరుగుతున్నాయో ఆకాశం చూడడం, వాగు వెంట పొదలన్నీ వెతకడం. ఎక్కడా కళేబరం కనిపించలేదు. పట్టీలో ఉలవ ముదిరి రాలిపోయింది. మేయడానికి ఒక్కటీ రాలేదు.

దీపావళి ముందు రాజారాం కబురు పంపాడు. ఇద్దరూ వాగు అవతలి గుట్ట ఎక్కారు. దూరాన ఎండుగడ్డిలో మంద కనిపించింది. పెంటప్ప తల గుట్ట అంచు పైకి రాగానే జింకలు చూశాయి. మరుక్షణమే పరుగు లంకించుకున్నాయి. అంత దూరం నుంచి, ఆయన్నే చూసి. పరుగెత్తనీ, ఇంకా గట్టిగా పరుగెత్తనీ అనుకుంటూ ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

"పెంటప్పా, సగళీ ఆహేత్ కా?" అన్నీ ఉన్నాయా అని రాజారాం మెల్లగా తన మరాఠీలో అడిగాడు.

దుమ్ములో దూకుతున్న వీపుల్ని పెంటప్ప ఒకటీ రెండూ అంటూ లెక్కపెట్టబోయి ఆగిపోయాడు. ఇంతకు ముందు ఎన్ని ఉండేవో ఆయనకు తెలియదు. దిష్టి తగులుతుందని ఒక్కనాడూ వాటిని లెక్కపెట్టలేదు.